భౌతికశాస్త్ర బోధనకు అంతర్జాల సాధనములు

భౌతికశాస్త్రము కంటితో చూచి, చేతితో చేసి, లెక్కతో సరిచూచుకొనవలసిన శాస్త్రము. వినుటచేత మాత్రమే వచ్చునది కాదు. ఈతను పుస్తకమున చదివి నేర్చినవాడు చెరువులో దిగినప్పుడు ఏమగునో, సూత్రములను వల్లించి భౌతికశాస్త్రము వచ్చెననుకొన్న విద్యార్థికి పై తరగతులలో అదియే యగును.

నిరుడు ఒకనాడు లోలకము పాఠము జరుగుచుండగా మేము ఒక బాలికను నల్లబల్లయొద్దకు పిలిచితిమి. ఆవర్తన కాలమునకు సూత్రము తప్పులేక వ్రాసినది. "లోలకము పొడవు నాలుగింతలు చేసినచో ఆవర్తన కాలమేమగును?" అని అడుగగా, "నాలుగింతలగును సార్" అన్నది. "ఎప్పుడైన లోలకమును ఊపి చూచితివా?" అని అడిగితిమి. "బొమ్మ చూచినాను సార్" అని తల వంచుకొన్నది. ఆ తప్పు ఆమెది కాదు. ప్రయోగశాల బీరువాకు తాళము వేసి, తాళపుచెవి జేబులో నుంచుకొన్న మాది.

ఆ వారముననే బాలిక తండ్రి మా గదికి వచ్చి, "సార్, తెలుగులో ఫిజిక్సు చదివితే పైకి పోయినాక పిల్ల కష్టపడుతుందేమో. వేరే బడిలో చేర్చేదా అని ఆలోచన చేస్తా ఉండాం" అనెను. తమిళనాట తెలుగు బడి నడుపు మావంటివారికి ఈ మాట క్రొత్త కాదు. అయినను ఆనాడు మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. ఈ సంవత్సరము మేము చేసిన ప్రయత్నమే ఆయనకు మా సమాధానము. అది ఇతర బడులవారికిని ఉపయోగపడునను నమ్మకముతో ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదటి పని చేతితోనే ఆరంభించితిమి. గట్టి దారము, ఒక ఇనుప నట్టు, ఒక మీటరు బద్ద, గడియారము: ఇవియే పరికరములు. కొక్కెమునుండి నట్టు మధ్యబిందువు వరకు ఒక మీటరుండునట్లు వ్రేలాడదీసి, కొద్దిగా ప్రక్కకు లాగి విడిచి, ఇరువది డోలనములకు పట్టిన కాలమును కొలిపించితిమి. సుమారు 40 సెకనులు వచ్చెను. పొడవును 25 సెంటీమీటరులు చేయగా సుమారు 20 సెకనులు వచ్చెను. పొడవు నాలుగింతలైన కాలము రెండింతలే యగునని పిల్లలు తామే కనుగొనిరి.

ఇరువది డోలనములెందుకు, ఒకటి చాలదా? గడియారమును నొక్కుటలో చేయి 0.2 సెకను తడబడినదనుకొందము. ఒకే డోలనమును కొలిచినచో 2 సెకనులలో 0.2 సెకను పొరపాటు, అనగా నూటికి పది. ఇరువది డోలనములను కొలిచినచో అదే తడబాటు 40 సెకనులలో పడి నూటికి అరపాలు మాత్రమే యగును. గురుత్వ త్వరణమును లెక్కించునప్పుడు కాలమునకు వర్గము కట్టుదుము గనుక పొరపాటు రెట్టింపగును. కావున మొదటి పద్ధతిలో నూటికి ఇరువది వరకు, రెండవ పద్ధతిలో ఒకటి మాత్రమే తేడా వచ్చును. ఈ వివేకము సూత్రమును వల్లించుటవలన రాదు.

రెండవ మెట్టున అంతర్జాలమునకు వెళ్లితిమి. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయమున 2002లో కార్ల్ వైమన్ ఆరంభించిన ఫెట్ అను సంస్థ, భౌతికశాస్త్ర ప్రయోగములను తెరపై కదలు నమూనాలుగా చేసి ఉచితముగా ఇచ్చుచున్నది. ఈయన 2001లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి నందినవారిలో ఒకరు. నమూనాలలో పెక్కింటిని ఒకమారు కంప్యూటరులోనికి దింపుకొన్నచో, పిమ్మట అంతర్జాలము లేకున్నను పనిచేయును. కరెంటు, సిగ్నలు నిలకడలేని ఊళ్లకు ఇది గొప్ప సౌకర్యము.

అందలి లోలక ప్రయోగశాలలో పొడవును, ద్రవ్యరాశిని, ఘర్షణను మార్చవచ్చును. ద్రవ్యరాశి మార్చినను ఆవర్తన కాలము మారకుండుట పిల్లలకు ఆశ్చర్యమాయెను. వెంటనే నట్టుకు మరొక నట్టు చేర్చి దారమునకు కట్టి, పొడవును మరల సరిచేసి నిజముగా చూచిరి. చంద్రునిపై ఒక మీటరు లోలకము ఒక్క డోలనమునకు 5 సెకనులకు కొంచెము తక్కువ తీసికొనునని తెరపై కొలిచి, సూత్రముతో సరిచూచిరి. ఇది మన బడిలో చేతితో చేయరాని ప్రయోగము. నమూనాల విలువ ఇచ్చటనే యున్నది. చేయగలదానిని చేతితో చేయవలెను. చేయరానిదానికి తెరను ఆశ్రయించవలెను.

మూడవ సాధనము సెల్‌ఫోను. జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు 2016లో వెలువరించిన ఫైఫాక్స్ అను ఉచిత అప్లికేషను, ఫోనులో నున్న మైకు మొదలగు గ్రాహకములను కొలత పరికరములుగా మార్చును. దానితో ధ్వని వేగమును కొలిచితిమి. రెండు ఫోనులను ఐదు మీటరుల దూరమున ఉంచి, రెండింటను శబ్దమునకు నడచి శబ్దమునకు నిలుచు గడియారమును తెరిచితిమి. మొదటి ఫోనుయొద్ద ఒక బాలుడు చప్పట కొట్టెను. ఆ ఫోను వెంటనే, రెండవది ధ్వని చేరిన పిమ్మట నడువసాగెను. తరువాత రెండవ ఫోనుయొద్ద మరొక బాలుడు చప్పట కొట్టెను. ఆ ఫోను వెంటనే, మొదటిది ధ్వని చేరిన పిమ్మట నిలిచెను. కావున రెండు కాలముల భేదము, ధ్వని పోవుటకును వచ్చుటకును, అనగా పది మీటరులకు పట్టిన కాలమగును. అది సుమారు 0.029 సెకను. పదిని దానిచే భాగింపగా సెకనుకు సుమారు 345 మీటరులు. ఆ లెక్క నల్లబల్లపై తేలినప్పుడు పిల్లల ముఖములందలి సంతోషమును మేము చాల కాలము మరువము.

అయితే కొన్ని జాగ్రత్తలు వలయును. తెరపై కనబడునదంతయు ఉన్నదున్నట్లు కాదు. విద్యుత్ వలయపు నమూనాలో ఎలక్ట్రానులు గోలీలవలె వడిగా దొరలుచుండును. నిజమునకు ఒక చదరపు మిల్లీమీటరు మందముగల రాగి తీగలో ఒక ఆంపియరు ప్రవహించునప్పుడు, ఎలక్ట్రానులు సగటున సెకనుకు మిల్లీమీటరులో పదవవంతైనను జరుగవు. ఘర్షణను సున్న చేసిన తెర లోలకము ఎన్నటికి నిలువదు. మన దారపు లోలకము కొంతసేపటికి నిలిచిపోవును. ఈ భేదమును ఉపాధ్యాయుడే చెప్పవలెను. లేదా పిల్లలచే అడిగించవలెను. మరియు ఉపాధ్యాయుడు ముందురోజుననే నమూనాను తాను నడిపి చూడక తరగతికి తేరాదు. తెర వెలుగగానే ఉపాధ్యాయుని పని తీరిపోవుననుకొనుట భ్రమ.

ఇక భాషా విషయము. ఫెట్ నమూనాలలో కొన్నిటికి తెలుగు అనువాదములున్నవి, అన్నిటికి లేవు. అనువదించుటకు ఇష్టపడువారికి ఆ సంస్థయే సదుపాయము కల్పించినది. మేము ప్రతి విద్యార్థిచే మూడు గడులు గల ఒక పుస్తకము పెట్టించితిమి. మొదటి గడిలో లోలకము, రెండవదానిలో పెండులమ్, మూడవదానిలో ఊసల్. అట్లే త్వరణము, యాక్సిలరేషన్, ముడుక్కమ్. బలము, ఫోర్స్, విశై. వస్తువును తల్లిభాషలో తెలిసికొన్నవానికి ఇంకొక రెండు పేర్లు నేర్చుట భారము కాదు. వస్తువే తెలియనివానికి మూడు పేర్లును మూడు శబ్దములు మాత్రమే. ఆ తండ్రి భయమునకు మూలము తెలుగు కాదనియు, ఊపి చూడని లోలకమే యనియు మాకిప్పుడు తోచుచున్నది.

ఇటీవల ఆయనను బడికి పిలిచి, ఆ బాలికచేతనే ప్రయోగము చేయించి చూపితిమి. ఆమె ఇరువది డోలనములు లెక్కించి, గురుత్వ త్వరణము 9.8 వచ్చునట్లు కట్టి, తండ్రికి తెలుగులో చెప్పి, ప్రక్కనున్న తమిళ ఉపాధ్యాయునికి తమిళమున చెప్పినది. ఆయన మాతో ఏమియు అనలేదు. ఆ బాలిక ఈ యేడును మా బడిలోనే చదువుచున్నది.

ఈ సంచికను చదువు పూర్వ విద్యార్థులకు మా మనవి రెండే. పనిచేయు పాత ఫోనులున్నచో ప్రయోగశాలకు ఇండు. అంతకంటె ముఖ్యముగా, తెలుగును ఇంగ్లీషును తెలిసినవారు ఏడాదికొక నమూనానైన అనువదించి ఇండు. బీరువా తాళపుచెవి ఇప్పుడు మా జేబులో లేదు. తరగతి గోడకు మేకున వ్రేలాడుచున్నది.