చేతికి తగిన చుక్కాని

పాఠ్యభాగ పరిచయం

మానవుడు తన శ్రమను తగ్గించుకొనడానికి పరికరాలను నిర్మించుకొన్నాడు. ఆ పరికరమే దేహాన్ని బాధిస్తే, లోపం ఎక్కడ ఉన్నదో వెదకి సరిచేసుకోవడం వివేకం. నిత్యం వాడే సైకిలు హ్యాండిలును ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తిరువూరు, విజయవాడ నుండి భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న పట్టణం. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఇది కృష్ణా జిల్లా నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. పరిసరాల మామిడితోటల నడుమ నుండి ఎన్నో పల్లెదారులు ఈ పట్టణానికి వస్తాయి. అట్టి దారిలో ప్రతిదినం సైకిలుపై కళాశాలకు వచ్చే ఒక యువకుణ్ణి ఊహించుకొందాం.

అతని సైకిలు హ్యాండిలు కర్రవలె తిన్ననిది, చూపులకు సొగసైనది. కాని కళాశాల చేరేసరికి అతని అరచేతులు మండుతాయి. చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు తిమ్మిరెక్కుతాయి. కలం పట్టినా కొంతసేపటి వరకు వ్రాత కుదరదు.

దీనికి కారణం ఉన్నది. చిటికెనవ్రేలి వైపు అరచేతి మొదట అల్నార్ నాడి సాగుతుంది. హ్యాండిలు దూరంగా, తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు నడుము ముందుకు వంగుతుంది. సీటు మోయవలసిన బరువులో కొంత అరచేతులపై పడుతుంది. వీపున పుస్తకాల సంచి ఉంటే ఆ భారం మరింత పెరుగుతుంది. గతుకుల అదురు దీనికి తోడవుతుంది. నాడి ఎక్కువసేపు ఒత్తిడికి గురైనందువల్లనే వ్రేళ్లు తిమ్మిరెక్కుతాయి.

హ్యాండిలు రూపం అవసరాన్ని బట్టి మారుతూ వచ్చింది. 1817లో జర్మనీకి చెందిన కార్ల్ డ్రైస్ నిర్మించిన ద్విచక్ర వాహనానికి పెడళ్లు లేవు; ముందు చక్రాన్ని త్రిప్పే ఏర్పాటు మాత్రం ఉన్నది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన 'రోవర్' నేటి సైకిలుకు మాతృక అయింది. పందెపు సైకిళ్లకు గాలి తాకిడి తగ్గాలి. అందుకే వాటి హ్యాండిళ్లు క్రిందికి వంగి ఉంటాయి. మన దేశంలో 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సంస్థలు సైకిళ్ల తయారీ ప్రారంభించాయి. పాలక్యానులు, ధాన్యపు బస్తాలు మోసిన ఆ కాలపు నల్లని సైకిళ్ల హ్యాండిళ్లు ఆవుకొమ్ములవలె వంపు తిరిగి, చివరలు మనిషి వైపునకు వచ్చేవి. వాటిని పట్టుకొంటే వీపు నిటారుగా, మణికట్టు సహజంగా నిలుస్తుంది.

మన యువకుడు సైకిలు షాపునకు వెళ్లాడు.

“కొత్త హ్యాండిల్ వెయ్యండి బాబాయ్! చేతులు తిమ్మిరెక్కుతున్నాయి.”

“ముందు నువ్వెక్కి కూర్చో బాబూ, చూద్దాం.”

మెకానిక్కు చూపు ముందుగా సీటుపై పడింది. దాని ముందుభాగం క్రిందికి వాలినందున దేహం ముందుకు జారి, చేతులపై బరువు పడుతున్నది. అతడు సీటును సమతలం చేశాడు. పిదప హ్యాండిలు కాడను కొంత పైకి లేపాడు. కాడపై ఒక గీత ఉంటుంది. ఆ గీత బయట కనబడేటంతగా పైకి లాగరాదు; లాగితే కాడ ఊడిపోవచ్చు లేదా విరిగిపోవచ్చు. ఇంతటితో సగం బాధ తీరింది. ఖర్చు మాత్రం లేదు!

మిగిలిన బాధకు వంపు హ్యాండిలే మార్గమని తేలింది. ఇంటి చావడిలోని తాతగారి సైకిలు హ్యాండిలు యువకునికి జ్ఞాపకం వచ్చింది. అయితే దాని కాడ, కడ్డీ బ్రేకులు ఆ హ్యాండిలుకే అమరి ఉంటాయి; తీగ బ్రేకుల సైకిలుకు అది కుదరదు. అందుచేత తీగ బ్రేకులకు సరిపడే వంపు హ్యాండిలును ఎన్నుకోవలసి వచ్చింది. బిగింపు భాగపు వ్యాసం కొన్ని సైకిళ్లలో 25.4 మిల్లీమీటర్లు, కొన్నింటిలో 31.8 మిల్లీమీటర్లు. కొలత కలవని చోట రేకు చుట్టి బిగించడం ప్రమాదకరం.

బిగించిన తరువాత పరీక్ష తప్పనిసరి. ముందు చక్రాన్ని మోకాళ్ల నడుమ పట్టి హ్యాండిలును త్రిప్పాలి, అది జారరాదు. రెండు వైపులకూ పూర్తిగా త్రిప్పినప్పుడు బ్రేకు తీగ బిగుసుకోరాదు. నడిపిస్తూ రెండు బ్రేకులనూ పట్టి చూడాలి. చేతికి అలవాటయ్యే వరకు రద్దీ రహదారిపైకి పోరాదు.

వంపు హ్యాండిలుకూ పరిమితులు ఉన్నాయి. నిటారుగా కూర్చొంటే ఎదురుగాలి ఎక్కువగా తగులుతుంది. సీటుపై భారం పెరుగుతుంది. పందెగానికి అది తగదు. పుస్తకాలతో ప్రతిదినం వచ్చే విద్యార్థికి తగును. మార్పు తరువాత కూడా తిమ్మిరి వీడకపోతే వైద్యుని సంప్రదించాలి.

తాతగారి సైకిలును పాతదని నవ్విన యువకుడే నేడు ఆ వంపును కోరుకొన్నాడు. పాతదైనందువల్ల కాదు, తన చేతికి అమరినందువల్ల. దేహం చెప్పే మాటను విని పరికరాన్ని దిద్దుకొన్నవానికి ప్రయాణం భారం కాదు.

అర్థాలు

చుక్కాని = పడవను త్రిప్పే సాధనం
మాతృక = మూలరూపం
సమతలం = ఎత్తుపల్లాలు లేనిది

ప్రశ్నలు

1. సైకిలు నడిపేవారి వ్రేళ్లు తిమ్మిరెక్కడానికి కారణాలేవి?
2. హ్యాండిలు మార్చకముందే మెకానిక్కు చేసిన సవరణలను వివరించండి.
3. హ్యాండిలు బిగించిన పిదప చేయవలసిన పరీక్షలను వ్రాయండి.
4. మీరు నిత్యం వాడే ఒక పరికరంలోని అసౌకర్యాన్ని తెలిపి, దాని నివారణను సూచించండి.