పబ్లిసిటీకని గుంటలు అమ్మకు బిడ్డా

ఇబ్రహీంపట్నం



నీ సినిమా సెన్సారైందని రాసినవ్, సంతోషం. పబ్లిసిటీ కోసం చెరువు కింది గుంటలు బేరానికి పెట్టిన సంగతి మాత్రం రాయలేదు. చౌరస్తాల చాయ్ తాగుతుంటే ఎవరో చెప్పిన్రు. నిజమే అయితే జెర ఆగు.

ఆ చౌరస్తానే వచ్చి చూడు. నాయకుల పుట్టినరోజులు, సాగర్ రోడ్డు వెంచర్లు, కాలేజీ అడ్మిషన్లు, దశదినకర్మలు, అన్నీ ఫ్లెక్సీలే. ఒకదాని నెత్తిన ఇంకొకటి. వాటి నడుమ నీ హీరోను ఎవరు గుర్తుపడతరు? కథంతా విన్న నాకే ఆ పిలగాని ముఖం యాదికి రాదు. గాలిదుమారం లేస్తే నీ ఫ్లెక్సీ పోయి ఎవరి బర్రెల కొట్టం మీదనో పడతది. లేకుంటే మున్సిపాలిటోళ్లు పీకేస్తరు. అచ్చేసినోనికి పైసలు, కట్టినోనికి కూలి. దానికి తాత భూమా?

అన్నం యాళ్లకు తింటున్నవా? ఫోన్ల నీ గొంతు బాగలేదని మీ పెద్దమ్మ రెండు పూటలా అదే మాట.

1980ల 'మా భూమి' సినిమా వచ్చినప్పుడు పొద్దుగాల బస్సెక్కి పట్నం పోయినం. మార్నింగ్ షో. పోస్టరు చూసి కాదు, సంఘపోళ్లు చెప్తే పోయినం. బస్సు కిరాయి ఇయ్యనీకె మీ తాత ఎంత సతాయించిండో! రాత్రి ఇంటికొచ్చి కథ చెప్పబోతే ఆయనే అందుకుని రజాకార్ల నాటి ముచ్చట్లు సగం రాత్రి దాకా చెప్పిండు. మర్నాడు వాడకట్టంతా ఆయనే తిరిగిండు, పోయి చూడున్రని.

ప్రచారం వద్దంటలేను. 2004ల శేఖర్ కమ్ముల 'ఆనంద్' చిరంజీవి 'శంకర్ దాదా'తోని ఒకే రోజు వచ్చింది. పోస్టర్లల్ల పోటీ పడితే ఏం మిగిలేది? చూసినోళ్లు చెప్పుకున్నరు, నిలబడ్డది. 2016ల 'పెళ్లిచూపులు'కు విడుదలకు ముందే షోలు ఏసిన్రు. అయితే సురేష్ బాబు ఎనకనుండబట్టే థియేటర్లు దొరికినయ్, అది మర్వకు. 'కేరాఫ్ కంచరపాలెం'ను వెంకటేష్ మహా ఆ ఊరోళ్లతోనే తీసిండు, 2018ల రానా సమర్పించినంకనే తెరలు దొరికినయ్. 'బలగం'కు దిల్ రాజు సంస్థ ఉండె. సినిమా బాగుండుడు ఒక్కటే చాలదు, ఫ్లెక్సీ అసలే చాలదు.

నీకు ఓపెనింగ్స్ తెచ్చే హీరో లేడు. శుక్రవారం చూసినోడు శనివారం చెప్తడు, విన్నోడు ఆదివారం బయలుదేరుతడు. అప్పటికే సీట్లు ఖాళీగున్నయని షో ఎత్తేసి ఉంటరు. చిన్న సినిమాలు చచ్చేది అక్కడనే. అందుకే ఉన్న పైసలు మొదటి రోజే తగలెయ్యకు. థియేటర్లు తగ్గించుకో, షో టైము మంచిది అడుగు, అద్దె, తెర మీద బొమ్మ ఏసే క్యూబ్ ఖర్చు రెండో వారానికీ ఉంచుకో. గొప్పగా ఉంటదని యాభై తెరలకు ఎగబడకు. నీ దగ్గరికొచ్చి కమీషన్ మీద ఫ్లెక్సీలు కట్టిస్తనంటున్న ఆ దోస్తును కూడా దూరముంచు.

విడుదలకు ముందు ఒకసారి మన దగ్గర ఫంక్షన్ హాల్ల వెయ్యి. హాల్ కిరాయి నాది, ఫోన్లు బయట పెట్టించే జిమ్మేదారీ నాది. బాగుంటే మావోళ్లే ఎల్బీ నగర్ దాకా చెప్తరు. బాగలేకుంటే మొకం మీదనే అంటరు, అది కూడా నీకు కావాలె.

ఆదివారం ఇంటికి రా. పాస్‌బుక్కు ఎవరి చేతిల పెట్టకు, ఏ కాగితం మీద సంతకం చెయ్యకు.

నీ పెద్దనాయన