పూలగుచ్ఛం బొమ్మతో సరిపెట్టకండి

అఫిలియేట్ టీములోకి ఎవరైనా కొత్తగా వస్తే వాట్సాప్ గ్రూపులో జరిగే తంతు తెలిసిందే. అడ్మిన్ పూలగుచ్ఛం బొమ్మ పెడతారు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు, వెనకే వీడియోల లింకులు వరసగా వచ్చిపడతాయి. వారం తిరక్కుండానే ఆ కొత్త మనిషి గ్రూపును మ్యూట్‌లో పెట్టేస్తారు. పెట్టరా మరి? అన్ని చప్పట్లలో తన పేరు పెట్టి పలకరించినవాళ్లు ఒక్కరూ లేరు.

వీలు కనుక్కుని ఒకసారి ఫోన్ చేయండి. మొదటిరోజే టార్గెట్ల ఊసెత్తకండి. తెనాలి నుంచి ఒక గృహిణి చేరారనుకుందాం. స్మార్ట్‌వాచీల లింకులు ఇచ్చి అందరికీ పంపమంటే ఆమె మొహమాటానికి పంపుతారు, అంతే. అదే "మీ ఇంట్లో ఏ మిక్సీ వాడుతున్నారండీ?" అని అడిగి చూడండి. ఏ జార్‌లో కొబ్బరి పచ్చడి మెత్తగా నలుగుతుందో, ఏ మోటారు మినప్పిండికి వేడెక్కి ఆగిపోతుందో గుక్కతిప్పుకోకుండా చెబుతారు. ఆమె అమ్మగలిగేది అదే. చుట్టాలు, పక్కింటివాళ్లు ఆమె మాట నమ్మేదీ అందుకే. మీరు నేర్పడానికి ఫోన్ చేసి, నేర్చుకుని పెట్టేస్తారు. చనువు అలాగే మొదలవుతుంది. అన్నట్టు, ఆ చనువు కుదరకముందే "నువ్వు" అనో "బ్రో" అనో దిగిపోకండి. మన దగ్గర "గారు"కి ఇంకా విలువ ఉంది.

డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. చాలా టీములు చెడేది ఇక్కడే. అమెజాన్ 1996 నుంచి నడుపుతున్న అఫిలియేట్ పథకాన్నే తీసుకోండి. మన లింకు మీద మనమే కొనుక్కుంటే కమిషన్ రాదు. ఎవరైనా లింకు నొక్కితే, మామూలుగా 24 గంటల్లోపు వస్తువును కార్ట్‌లో వేసుకుంటేనే అది మన లెక్కలోకి వస్తుంది. నెల ముగిశాక డబ్బు చేతికందడానికి దాదాపు 60 రోజులు పడుతుంది. ఇవేవీ తెలియక ఆ తెనాలి గృహిణి తన లింకుతో తనే కుక్కర్ కొనుక్కుని, పైసా రాకపోయేసరికి మోసపోయాననుకుంటారు. ఆ కోపం కంపెనీ మీద కాదు, చేర్పించిన మీ మీద.

మనిషిని చేర్పించినందుకే డబ్బులిచ్చే పథకమైతే ఈ పలకరింపులన్నీ ఎరే. అలాంటి గొలుసుకట్టు వ్యాపారాల మీద 1978 నుంచీ నిషేధ చట్టం ఉంది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలూ పిరమిడ్ పథకాలు కూడదన్నాయి. సరుకు అమ్ముడైతేనే ఆదాయం అన్నచోటే కొత్తవాళ్లతో ధైర్యంగా మాట్లాడగలం.

నెలంతా ఒక్క ఆర్డరూ రానివాళ్లను గ్రూపులో అందరి ముందూ నిలదీయకండి. ఆ తెనాలి గృహిణికే రాలేదనుకోండి, ఆమెతో విడిగా మాట్లాడండి, పంపిన మెసేజ్ తెప్పించుకుని చదవండి. ఉత్త లింకు పంపి ఉంటారు. దాని పైన ఆ మిక్సీ గురించి మీతో అన్న రెండు ముక్కలే రాయమనండి.