సైకిలు యాత్రలో రాత్రి బస

మెట్‌పల్లినుండి కోరుట్ల, జగిత్యాలలమీదుగా కొండగట్టునకు రమారమి 50 కిలోమీటర్లు. విద్యార్థులు సైకిళ్ళపై పోయి, మార్గమధ్యమున నొక రాత్రి గడపి తిరిగి వచ్చుటకు ఇది యనువైన బాట. ఇట్టి యాత్రలో తిండియు నీరును ఊరూరను దొరకును. రాత్రి దేనిక్రింద పండుకొనవలెననునదియే బయలుదేరుటకు ముందు ఆలోచింపవలసిన విషయము. దీనిని మేమొక పొరపాటువలన నేర్చుకొంటిమి. ఆ పొరపాటు మరల నెవరును చేయకుండుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

దీపావళి వెళ్ళిన కొలది దినములకు మేమైదుగురము జగిత్యాల దాటిన పిదప నొక మామిడితోట యజమానుని యనుమతి గైకొని, తోటప్రక్కనున్న బయలునందు దిగితిమి. కళ్ళములలో పసుపుకుప్పలపై కప్పు తాటిపత్రి యొకటి మావెంట నుండెను. చలిగాలి చొరకుండవలెనని దాని యంచులను నాలుగు ప్రక్కలను నేలకు దిగలాగి రాళ్ళు పెట్టితిమి. తెల్లవారుజామున లేచి చూడగా దుప్పట్లన్నియు తడిసియుండెను. ఆకాశమున మబ్బు లేదు; వాన కురియలేదు. మాలో చిన్నవాడు చలిచే వణకుచుండెను. పిమ్మట సామాను సర్దుకొనుచుండగా, అతడు తలక్రింద పెట్టుకొన్న సంచి చాటునుండి కట్లపాము వెలువడి గట్టువైపు ప్రాకిపోయెను. అదృష్టవశమున నెవరికిని హాని కలుగలేదు.

ఇంటికి వచ్చిన తరువాత మేము రెండు ప్రశ్నలు వేసికొంటిమి. ఆ నీరెక్కడిది? ఆ పామును రానీయకుండుట యెట్లు?

మొదటి ప్రశ్నకు భౌతికశాస్త్రము సమాధానము చెప్పును. విలియం చార్లెస్ వెల్స్ అను వైద్యుడు మంచుబిందువులనుగూర్చి 1814లో నొక గ్రంథము ప్రకటించెను. అతడు ఉన్నికుచ్చులను తూచి రాత్రులందు ఆరుబయట నుంచి, ఉదయమున మరల తూచి, ఎంత తేమ పట్టినదో కనుగొనెను. కాళ్ళపై నిలిపిన పలకకు పైనున్న ఉన్ని మిక్కిలిగాను, పలకక్రింద నున్న ఉన్ని కొంచెముగాను తడిసెను. కారణమేమనగా, నిర్మలమైన రాత్రులందు వస్తువులు తమ వేడిమిని ఆకాశమువైపు విడిచి, చుట్టునున్న గాలికంటె చల్లబడును. ఆ చల్లదనము తాకిన గాలిలోని ఆవిరి నీరగును. చెట్టుక్రింద మంచు తక్కువగుటకును ఇదియే హేతువు. కొమ్మలు ఆకాశమునకును మనకును నడుమ పలకవలె నిలుచును. మా తాటిపత్రి బయలున నుండుటచే చల్లబడెను. ఐదుగురి యూపిరిలోని ఆవిరి వెలుపలికి పోవు దారిలేక దాని లోపలివైపున నీరై మాపై రాలెను. కావున కప్పు ఎంత ముఖ్యమో, గాలి వచ్చిపోవు దారియు నంత ముఖ్యము.

రెండవ ప్రశ్న ప్రాణములకు సంబంధించినది. కట్లపాము రాత్రివేళ సంచరించును. నేలపై నిద్రించువారిని కరచుట తరచు. దాని కాటు అంతగా నొప్పి పెట్టదు గనుక నిద్రలోనున్నవాడు ఎరుగకయే పోవచ్చును. దక్షిణ నేపాళమున జరిగి 2007లో ప్రకటింపబడిన యొక పరిశోధనము, దోమతెరలో నిద్రించువారికి పాముకాటు తక్కువగుచున్నదని తెలిపినది. అయితే తెర యంచులను చాపక్రింద బాగుగా దోపవలెను. నేలపరపుతో కలిపి కుట్టిన తెర యింకను మేలు. కాటు పడెనను అనుమానము కలిగినచో మంత్రములకును, కోతలకును కాలము వ్యర్థము చేయక, రోగిని కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

ఇక బరువు సంగతి. మూడు మీటర్ల పొడవును, మూడు మీటర్ల వెడల్పును గల కప్పునకు 9 చదరపు మీటర్ల గుడ్డ కావలెను. చదరపు మీటరునకు 300 గ్రాములు తూగు కాన్వాసైనచో 2700 గ్రాములు. 50 గ్రాములు తూగు సన్నని నైలానైనచో 450 గ్రాములే. సిరిసిల్ల మరమగ్గములను చూచిన మన విద్యార్థులకు పోగు సన్నమైనకొలది గుడ్డ తేలికయగునని చెప్పనక్కరలేదు. కాన్వాసులోని నూలు తడిసి ఉబ్బి, సందులను మూసి వాననాపును. కాని ఆ నీటి బరువును మనమే మోయవలెను. నైలాను అంతగా నీరు పీల్చదు, త్వరగా నారును; దానిపై నీరు దిగనీయని పూత యుండవలెను.

సైకిలుపై గుడారము కొనిపోవు పద్ధతిని ప్రచారము చేసినవారిలో ముఖ్యుడు థామస్ హైరమ్ హోల్డింగ్. ఈయన లండనులో దర్జీ. ఐర్లండులోని కన్నెమారా ప్రాంతమున తాను చేసిన సైకిలు యాత్రనుగూర్చి 1898లో గ్రంథము ప్రకటించెను. 1901లో సైకిలు యాత్రికుల శిబిర సంఘమును స్థాపించెను. అవసరమును కొలిచి గుడ్డ కత్తిరించుట దర్జీకి తెలిసిన విద్య. యాత్రికునకును అదియే కావలెను.

మనకు మూడు మార్గములు గలవు. మొదటిది, నేలపరపు, తెర, పైపొర గల గుడారము. ఇద్దరికి సరిపోవునది సాధారణముగ 2 మొదలు 3 కిలోలు తూగును. వాన కురియునను అనుమానమున్నచో ఇదియే శ్రేష్ఠము. గుడ్డ నొకరును, కడ్డీల నొకరును మోసికొనిన భారము సగమగును. రెండవది, సన్నని పైకప్పును, దానిక్రింద దోమతెరయు. ఒక్కరికి కావలసినది త్రాళ్ళతోను, మేకులతోను కలిపి సుమారు ఒక కిలో. మూడవది, తెరగల ఊయల. నేలను తాకదు గాని, దృఢమైన రెండు చెట్లు లేనిచోట పనికిరాదు. చలికాలమున క్రిందినుండి చలి సోకును. మన ప్రాంతమున చలికాలపు యాత్రకు రెండవదియే తగినదని మా యభిప్రాయము. గొల్లకురుమల గొంగడివలె ఉన్నిదుప్పటి యొకటి వెంట నుండవలెను. ఉన్ని కొంత తేమ తగిలినను వెచ్చదనమును పూర్తిగా విడువదు.

ఎంత మంచి గుడారమైనను చెడ్డచోట రక్షింపదు. కాలువగట్టులపైనను, గోదావరి యిసుకతిన్నెలపైనను దిగరాదు. ఎగువనుండి విడిచిన నీరు రాత్రి హఠాత్తుగా రావచ్చును. ఎండిన కొమ్మలక్రింద పండుకొనరాదు. ఉరుములు వినబడినచో చెట్టును, గుడారమును విడిచి పక్కాయింటిలోనికి పోవలెను. గుడారపు త్రాళ్ళు చక్రపు పుల్లలలో చిక్కుకొనకుండ కట్టవలెను.

జనవరిలో మేమైదుగురము ఆ తోటకే మరల పోతిమి. ఈ పర్యాయము యజమానుని యడిగి చెట్లనీడనే దిగితిమి. కప్పు రెండు కొనలను తెరచియుంచి, ఎవరి తెరలో వారు పండుకొంటిమి. తెల్లవారి దుప్పట్లు పొడిగా నుండెను. మొదటిసారి వణకిన చిన్నవాడు అందరికంటె నాలస్యముగా లేచెను.

విద్యార్థులారా, యాత్రకు ముందొక రాత్రి పాఠశాల యావరణముననే మీ గుడారమును వేసికొని నిద్రించి చూడుడు. అక్కడ కనబడిన లోపమును ఉదయమున దిద్దుకొనవచ్చును. బాటలో కనబడిన లోపమునకు అట్టి యవకాశము దొరకకపోవచ్చును.