పరీక్ష లేని పుస్తకానికి ఇంట్లో చోటు



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఎక్కువమంది అన్న మాట ఒకటే: "ఫోన్ ఇస్తే గంటలు కూర్చుంటాడు మేడమ్, పుస్తకం పట్టమంటే ఐదు నిమిషాలు ఉండడు." ఏ పుస్తకమని అడిగితే దాదాపు అందరూ టెక్స్ట్‌బుక్ అనే చెప్పారు. నేను చెప్పబోయేది పరీక్ష లేని పుస్తకం గురించి.

మన ప్రాంతానికి ఇదేమీ కొత్త కాదు. దుగ్గిరాల దగ్గర పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు గ్రంథాలయం నడిపారు. 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద కూడా పుస్తకాలు తిప్పారు. పడవ ప్రయాణమంటే బోలెడు ఖాళీ సమయం. జనం ఊరికే కూర్చునే చోటికే పుస్తకాన్ని తీసుకెళ్లారన్నమాట. నాకు ఆ ఆలోచన చాలా ఇష్టం. మన పిల్లలు ఎక్కడ ఊరికే కూర్చుంటారు? స్కూల్ బస్సులో, అన్నం వడ్డించేలోపు, కరెంటు పోయినప్పుడు. అప్పుడు వాళ్ల చేతికి ఏం అందుతోందో మీకు తెలుసు.

ఇంట్లో దీనికి ప్రత్యేకంగా గది అక్కర్లేదు. కిటికీ పక్కన ఒక చాప, పిల్లల చేతికి అందే ఎత్తులో ఒక అర, పది పుస్తకాలు చాలు. అట్ట మీది బొమ్మ కనబడేలా పెట్టండి. టీవీ ఉన్న గదిలో మాత్రం వద్దు. చినిగిపోతాయని షోకేసులో పెట్టి తాళం వేసేవాళ్లున్నారు. చినిగితే చినగనివ్వండి, అతికించుకోవచ్చు.

అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్లలకు ఆ శ్రమతోనే సరిపోతుంది, అర్థం మీదికి ధ్యాస పోదు. అందుకే తరగతి కన్నా తేలికైన పుస్తకం ఇవ్వండి. ఒకే కథ పదిసార్లు చదివినా ఆపకండి, వేగం అలాగే వస్తుంది. సొంతంగా చదవడం వచ్చాక కూడా మీరు చదివి వినిపించడం మానొద్దు. తాము చదవగలిగిన దానికన్నా పెద్ద కథలు వాళ్లకు వింటే అర్థమవుతాయి. చదవడం అవ్వగానే "నీతి ఏంటి, ఆ స్పెల్లింగ్ చెప్పు" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నలకు మేమున్నాం.

ఇంగ్లిష్ టీచర్‌ని కదా, ఇంగ్లిష్ పుస్తకాలే కొనమంటాననుకుంటారు. రెండూ కొనండి. అమ్మమ్మ, తాతయ్య చదివి వినిపించగలిగేది తెలుగులోనే. 1947లో మొదలైన చందమామ వెనక ఉన్న చక్రపాణి గారిది తెనాలి. అది చదివి పెరిగినవాళ్లు మీ ఇంట్లోనే ఉండొచ్చు.

ఇంకో మాట, కాస్త చనువుగా. టెస్టులు దగ్గరపడితే ఏ బడిలోనైనా ముందు ఎగిరిపోయేది లైబ్రరీ పీరియడే. మార్కులు అడిగినట్టే, ఈ నెలలో ఎన్ని లైబ్రరీ పీరియడ్లు జరిగాయని మమ్మల్ని అడగండి. మీరు అడిగితేనే అది టైమ్‌టేబుల్‌లో నిలబడుతుంది.

మీరు కట్టే ఇంటిపన్నులో గ్రంథాలయ సెస్సు కూడా ఉంటుంది. కాబట్టి తెనాలి గ్రంథాలయం మీదే, పిల్లల్ని తీసుకెళ్లి సభ్యత్వం కట్టించండి. సెలవుల్లో చుండూరులో రైలెక్కితే చీరాల దాటగానే వేటపాలెం. అక్కడి సారస్వత నికేతనం 1918 నాటిది. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడుంది. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఎక్కడికి వెళ్లినా పుస్తకం పిల్లలనే తీసుకోనివ్వండి, అన్నీ బొమ్మలే ఉన్నది తీసినా సరే.