కట్టెలు ఏ గడిలో రాయాలి?



ఈ నెల హైస్కూల్ తరగతుల సైన్స్‌లో ప్రకృతి చక్రాలు, శక్తి వనరులు అనే పాఠాలు నడుస్తున్నాయి. మీ పిల్లల నోట్సు తిరగేస్తే అందులో రెండు గడుల పట్టిక ఒకటి కనిపిస్తుంది. ఎడమవైపు రెన్యువబుల్: సూర్యరశ్మి, గాలి, నీరు, బయోగ్యాస్. కుడివైపు నాన్ రెన్యువబుల్: బొగ్గు, పెట్రోల్, డీజిల్, సహజ వాయువు. రెండు మార్కుల ప్రశ్న ఇది. దాదాపు అందరూ తప్పు లేకుండా రాసేస్తారు. అదే పిల్లల్ని "మరి కట్టెలు ఏ గడిలో రాస్తారు?" అని అడిగితే క్లాసు రెండుగా చీలిపోతుంది. చెట్టు మళ్లీ పెరుగుతుంది కదా అని కొందరు, అడవులు తగ్గిపోతున్నాయి కదా అని ఇంకొందరు వాదిస్తారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆ నిజానికి పట్టికలో చోటు లేదు.

మనలో చాలామందిమి ఇదే పాఠాన్ని తెలుగు మీడియంలో "తరిగిపోయే వనరులు, తరగని వనరులు" అని చదువుకున్నాం. ఆ మాటలు వినసొంపుగానే ఉంటాయి కానీ కొంచెం తప్పుదారి పట్టిస్తాయి. రెన్యువబుల్ అంటే తరగనిది అని కాదు, తిరిగి పుట్టేది అని. ఇన్సూరెన్స్ పాలసీ రెన్యువల్ లాంటిదే ఇదీ. గడువులోపు ప్రీమియం కడితేనే పాలసీ కొనసాగుతుంది. కాబట్టి ఏ వనరు గురించైనా పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మనం తీసుకునే వేగం ఎంత, ప్రకృతి తిరిగి నింపే వేగం ఎంత?

కట్టెల సంగతే చూడండి. ఆకు గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చుకుని, ఎండ సాయంతో దాన్ని పిండిపదార్థంగా, చివరికి చెక్కగా మారుస్తుంది. ఆ చెక్కను పొయ్యిలో పెడితే అదే కార్బన్ పొగతో పాటు గాలిలోకి తిరిగి వెళ్తుంది. మళ్లీ మరో ఆకు దాన్ని అందుకుంటుంది. దీన్నే కార్బన్ చక్రం అంటాం. కోస్తా జిల్లాల్లో రైతులు సరుగుడు తోట వేసి నాలుగైదేళ్లకు నరికి, మళ్లీ నాటుతారు. అక్కడ కట్టె కచ్చితంగా ఎడమ గడిలోదే. అరవై ఏళ్ల అడవి చెట్టును నరికి, ఆ చోట మొక్క కూడా నాటకపోతే అదే కట్టె కుడి గడిలోకి జారుతుంది. పదార్థం మారలేదు, లెక్క మారింది.

రామగుండం కింద ఏముంది?

బొగ్గు కూడా ఒకప్పుడు ఆకే. పిల్లలకు ఇది చెప్పినప్పుడు ముందు నమ్మరు. సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల క్రితం, ఇప్పటి గోదావరి లోయలో చిత్తడి అడవులు ఉండేవి. అప్పుడు మన నేల అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలతో కలిసి గోండ్వానా అనే ఒకే పెద్ద ఖండంలో భాగం. ఆ అడవుల్లో గ్లోసోప్టెరిస్ అనే చెట్లు ఉండేవి. వాటి ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది, పేరు కూడా దాని వల్లే వచ్చింది. ఆ ఆకు ముద్రలు గోండ్వానా బొగ్గు పొరల దగ్గరి రాళ్లలో నేటికీ దొరుకుతాయి.

మామూలుగా రాలిన ఆకు కుళ్లిపోతుంది, దానిలోని కార్బన్ గాలిలో కలుస్తుంది. చిత్తడిలో నీటి అడుగున పడిన ఆకుకు ఆక్సిజన్ అందదు. అందుకే అది పూర్తిగా కుళ్లదు. దాని మీద మరో పొర, ఆపైన ఇసుక, ఒండ్రు. పైనుంచి బరువు, లోపలి నుంచి వేడి. అలా కోట్ల ఏళ్లకు అది బొగ్గు అయింది. అంటే తిరుగుతున్న చక్రంలోంచి కొంత కార్బన్ పక్కకు తప్పుకుని నేలలో దాక్కుందన్నమాట. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో ఆ బొగ్గును గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి అనేది అక్కడి ఊరి పేరే. గోదావరిఖని పట్టణం పేరులోనే ఖని, అంటే గని, ఉంది.

కోట్ల ఏళ్లలో పోగైనదాన్ని మనం నూటముప్పై ఏళ్లకు పైగా తవ్వుతున్నాం. ఈ వేగాల తేడా పిల్లలకు అంకెల్లో చెబితే పెద్దగా అంటదు. ఇలా చెప్పి చూడండి. ఒక కుటుంబం నెల జీతంతో బతుకుతోంది. ఇంకో కుటుంబం తాతలనాటి పొలం ఏటా కొంచెం కొంచెం అమ్ముకుని బతుకుతోంది. చేతిలో ఆడే డబ్బు రెండో ఇంట్లోనే ఎక్కువ ఉండొచ్చు, కొన్నేళ్లు దర్జాగానే గడవొచ్చు. సరుగుడు తోట జీతం. సింగరేణి బొగ్గు పొలం.

అలాగని బొగ్గును తిట్టిపోయడం మా ఉద్దేశం కాదు. రామగుండంలోని 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం 1980ల నుంచి ఎన్నో ఇళ్లలో దీపాలు వెలిగించింది. ఈ చదువులు, ఈ ఆస్పత్రులు ఆ కరెంటు మీదే నడిచాయి. గని కార్మికుల పిల్లలు మన క్లాసుల్లో కూడా ఉండొచ్చు. బొగ్గు చెడ్డది, సూర్యుడు మంచివాడు అని చార్టు మీద బొమ్మ గీయించడం తేలిక. ఆ పొలం అమ్మకం వల్ల వచ్చిన ఇంకో లెక్కను చూపించడమే కష్టం.

ఆ లెక్క గాలిలో ఉంది. 1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను కొలవడం ప్రారంభించారు. అప్పుడు గాలిలోని పది లక్షల పాళ్లలో సుమారు 315 పాళ్లు ఉండేది. నేడు 420 దాటింది. పరిశ్రమలు రాకముందు అది సుమారు 280. ఆ గ్రాఫును పిల్లలకు తప్పక చూపించండి, గీత రంపపు పళ్లలా ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగురించి ఎదిగే నెలల్లో గీత దిగుతుంది, ఆకులు రాలి కుళ్లే నెలల్లో ఎక్కుతుంది. భూమి ఏడాదికోసారి ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉంటుంది. పాఠంలోని కార్బన్ చక్రం బొమ్మ ఇదే, అయితే ఇది కొలిచి గీసిన బొమ్మ. చక్రం చక్కగా తిరుగుతూనే ఉంది, కానీ ప్రతి ఏడాదీ గీత మొత్తంగా కొంచెం పైకి జరుగుతోంది. మనం వదిలేదానిలో దాదాపు సగాన్ని చెట్లు, సముద్రాలు పీల్చుకుంటున్నాయి. మిగతా సగం గాలిలోనే నిలిచి భూమిని వేడెక్కిస్తోంది.

నీరు ఎడమ గడిలోదేనా?

జల విద్యుత్తును పిల్లలు కళ్లు మూసుకుని ఎడమ గడిలో రాస్తారు. ఎండకు సముద్రం నీరు ఆవిరై, మేఘమై, పడమటి కనుమల్లో వానై, కృష్ణలో కలిసి శ్రీశైలం చేరుతుంది. టర్బైన్ తిప్పి కిందికి పోతుంది. నీటి చక్రం తిరిగినంత కాలం కరెంటు వస్తుంది. ఇంతవరకూ సరే. కానీ వరద నీరు ఒంటరిగా రాదు, ఒండ్రుమట్టిని వెంట తెస్తుంది. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు పూర్తి మట్టం 885 అడుగుల దగ్గర 308 టీఎంసీలు పట్టేది. ఇప్పుడు అదే మట్టం దగ్గర సుమారు 215 టీఎంసీలు. మిగతా చోటును పూడిక ఆక్రమించింది. నీరు తిరిగి వస్తుంది, నీటిని పట్టే గిన్నె మాత్రం చిన్నదవుతోంది. నీరు రెన్యువబులే, జలాశయం కాదు.

బోరు నీటిది మరో కథ. నేల పైపొరల్లోని నీటిని ఒక మంచి వానాకాలం నింపగలదు. వెయ్యి అడుగుల లోతున రాతి పగుళ్లలో ఉన్న నీరు అక్కడికి ఇంకడానికి ఎన్నో ఏళ్లు పట్టి ఉంటుంది, దాన్ని ఒక వేసవిలో తోడేయొచ్చు. అలాంటప్పుడు బోరు కూడా గని లాంటిదే. మీ అపార్ట్‌మెంట్‌లో వేసవిలో ట్యాంకర్లు వస్తుంటే ఈ పాఠం పిల్లలకు మళ్లీ చెప్పాల్సిన పని లేదు.

నత్రజని చక్రం గురించి ఒక్క మాట. గాలిలో 78 శాతం నత్రజనే అయినా మొక్కలు దాన్ని నేరుగా తీసుకోలేవు. జనుము, జీలుగ, పిల్లిపెసర వేర్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా దాన్ని మొక్కకు పనికొచ్చేలా మారుస్తాయి. అందుకే మన పెద్దలు ఆ పైరును పూతకు రాగానే పొలంలో కలియదున్నేవారు. యూరియా కర్మాగారం చేసేదీ అదే పని, కాకపోతే బ్యాక్టీరియా ఎండతో పెరిగిన మొక్క ఇచ్చే ఆహారంతో చేస్తే, కర్మాగారం భూగర్భ ఇంధనంతో చేస్తుంది. రామగుండంలోనే ఒకప్పుడు బొగ్గుతో యూరియా తయారుచేసిన ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు అక్కడ సహజ వాయువుతో నడిచే ప్లాంటు ఉంది. అంటే మన కంచంలోని అన్నంలో కూడా కుడి గడి వాటా కొంత ఉంది. ఇది పరీక్షలో రాదు, అయినా చెప్పండి.

ఎండ ఉన్నప్పుడు, లేనప్పుడు

అదే రామగుండంలో, థర్మల్ కేంద్రం జలాశయం మీద 2022 నుంచి 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు పనిచేస్తోంది. సుమారు 500 ఎకరాల నీటి మీద పరుచుకుని ఉంది. నేల ఖర్చు లేదు, నీడ వల్ల నీరు ఆవిరి కావడం కూడా తగ్గుతుంది. బొగ్గు పొగగొట్టాలు, సోలార్ పలకలు పక్కపక్కనే చూడాలంటే పిల్లల్ని తీసుకెళ్లి దూరం నుంచి చూపించదగిన ఊరు అది.

ఇక్కడ కూడా అమాయకత్వం పనికిరాదు. 100 మెగావాట్ల సోలార్ అంటే ఎండ దండిగా ఉన్న మధ్యాహ్నం మాట. రాత్రులు, మబ్బులు కలుపుకుంటే ఏడాది సగటున అందులో సుమారు ఐదో వంతు వస్తుంది. మనం ఇంట్లో లైట్లు, టీవీ, ఏసీ అన్నీ వేసే సాయంత్రం ఏడు గంటలకు అది సున్నా. అందుకే మధ్యాహ్నపు కరెంటును దాచుకోవాలి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. ఇవి రెండు వైపులా తిరుగుతాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీటిని పైకి తోడతాయి, కొరత ఉన్నప్పుడు అదే నీటితో కరెంటు తయారుచేస్తాయి. తోడటానికి వంద యూనిట్లు ఖర్చయితే తిరిగి వచ్చేది సుమారు 75 నుంచి 80. నష్టమే, కానీ పగటి ఎండను రాత్రికి తెచ్చుకోవడానికి కట్టే కూలి అనుకోవచ్చు.

ఈ నెల ప్రాజెక్టుకు రంగు చార్టులు, థర్మాకోల్ గాలిమరలు కొనకండి. మీ ఇంటి కరెంటు బిల్లు ఒకటి పిల్లల చేతికివ్వండి చాలు. బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ తయారీకి సుమారు 650 గ్రాముల బొగ్గు కావాలి. దేశంలో తయారయ్యే కరెంటులో 70 శాతం దాకా బొగ్గుదే. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి, మొత్తం బొగ్గు కరెంటే అనుకుంటే, 130 కిలోలు. అంటే 50 కిలోల బస్తాలు రెండున్నర పైనే, నెల నెలా. 70 శాతం లెక్కన ఎంతో వాళ్లనే వేయనివ్వండి. తర్వాత మిద్దె మీద ఒక కిలోవాట్ సోలార్ పెడితే రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున నెలకు ఎన్ని బస్తాలు తగ్గుతాయో చూడమనండి.

తొమ్మిది, పది తరగతుల వాళ్లకు ఇంకో ప్రశ్న: 650 గ్రాముల బొగ్గు కాలితే 900 గ్రాములకు పైగా కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. పైగా బూడిద కూడా మిగులుతుంది. కాలిన దానికంటే వచ్చింది ఎలా ఎక్కువైంది? వెంటనే జవాబు చెప్పకండి, ఒక రోజు ఆలోచించనివ్వండి. 12 గ్రాముల కార్బన్ గాలిలోంచి 32 గ్రాముల ఆక్సిజన్‌ను కలుపుకుంటుందన్న సూచన మాత్రం ఇవ్వొచ్చు. లెక్క నోట్సులో పెన్సిల్‌తో రాసి తెస్తే సరిపోతుంది, కొట్టివేతలు ఉన్నా పర్వాలేదు.