మెరుపు కొనేముందు గుడ్డ మార్చవే చెల్లీ!

ఏమే చెల్లీ, కొత్త కారు ఫొటో చూశాను. బానెట్ మీద పసుపు కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు, పక్కన పట్టుచీరలో నువ్వు! దిష్టి తియ్యడం బానే ఉంది. కానీ ఆ కారుకి అసలు దిష్టి ఎవరిదో తెలుసా? రేపు పొద్దున్నే పాతగుడ్డ పట్టుకుని బయల్దేరే నీ చేతిదే!

కోప్పడకు, నా నిర్వాకం కూడా విను. మాది ముదురు నీలం కారు. రోజూ కాఫీ అవ్వగానే మా ఆయన పాత లుంగీ ముక్కతో దుమ్మంతా పొడిగా తుడిచేదాన్ని. ఏడాది తిరిగింది. ఓ రోజు మిట్టమధ్యాహ్నం ఎండలో చూద్దును కదా, బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు! వాచ్‌మన్ పిల్లలు గీశారేమోనని అతన్ని నాలుగు మాటలు కూడా అనేశాను. తీరా తెలిసిందేమిటంటే, గీసింది నేనే. రోజూ, ఎంతో ప్రేమగా!

కారు రంగు మీద గాజులాంటి పొర ఒకటి ఉంటుంది, క్లియర్ కోట్ అంటారు. మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుకే అంతకంటే లావు. దుమ్ములో ఇసుక ఉంటుంది కదా, పొడిగుడ్డతో రుద్దామంటే గరుకు కాగితం పెట్టి తోమినట్టే.

ఇక నువ్వడిగిన దానికొస్తా. వ్యాక్సా, సీలెంటా, సిరామిక్ కోటింగా? వ్యాక్సుల్లో పేరున్నది కార్నౌబా. బ్రెజిల్‌లో పెరిగే తాటిజాతి చెట్టు ఆకుల మీద నుంచి తీసే మైనం అది. మెరుపు ముద్దొస్తుంది గానీ మన ఎండలకి నెలో రెండు నెలలో, అంతే. సిరామిక్ ఏళ్ళ తరబడి ఉంటుంది, కానీ ముందు గీతలన్నీ పాలిష్ పట్టాలి. పూయడంలో పొరపాటైతే ఆ మచ్చ ఊడదు, మళ్ళీ పాలిషే. కొత్త చేతికి అది వద్దు. మధ్యలో సీలెంట్ ఉందే, అది పాలిమర్లతో చేసిన పూత. నాలుగు నుంచి ఆరు నెలలు నిలుస్తుంది, పొరపాటు చేసినా సరిదిద్దుకోవచ్చు. నా మాట విని దాంతో మొదలుపెట్టు. ఉగాదికోసారి, ఎండలు ముదరకముందే. మళ్ళీ దసరాకి, ఆయుధపూజకి ఎలాగూ కడుగుతావు కదా!

అయితే ఒకటి. సీలెంట్ గీతల్ని మాన్పదు, పొడిగుడ్డ గీసే గీతల్ని ఆపదు. మట్టి మీద పూస్తే మట్టినే అంటిస్తుంది. రాళ్ళు ఏరకుండా అన్నం వండి పైన నెయ్యి వేస్తే ఏం లాభం చెప్పు? అందుకే డబ్బు ముందు కడగడం మీద పెట్టు.

రెండు బకెట్లు తీసుకో. ఒకదాంట్లో కారు షాంపూ, ఒకదాంట్లో ఉత్తి నీళ్ళు. గిన్నెలు తోమే సబ్బు మాత్రం వద్దు, జిడ్డుతోపాటు వేసిన పూతనీ వదలగొడుతుంది. చేతికి తొడుక్కునే వాష్ మిట్ ఒకటి, తుడవడానికి మైక్రోఫైబర్ బట్టలు నాలుగైదు, ఆరబెట్టడానికి మందపాటి పెద్దది ఒకటి. వీటిని మిగతా బట్టల్లో కలపకు, ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటివి పొయ్యకు, పీల్చే గుణం పోతుంది. కింద పడ్డ బట్ట ఆ రోజుకి చక్రాలకే, బానెట్ ఎక్కనివ్వకు.

నీడలో, బానెట్ చల్లబడ్డాకే కడుగు. ముందు నీళ్ళు కొట్టి దుమ్ము వదిలించి, పైనుంచి కిందకి రా. ఒక్కో భాగం అవ్వగానే మిట్‌ని ఉత్తినీళ్ళలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచు. బోరునీళ్ళైతే ఆరేదాకా చూడకు, వెంటనే తుడిచెయ్. లేకపోతే తెల్లటి ఉప్పుమచ్చలు పడతాయి.

కడిగాక ఓ చిన్న పరీక్ష. పల్చటి ప్లాస్టిక్ కవర్లో చెయ్యి పెట్టి బానెట్ మీద మెల్లగా నిమురు. కంటికి తళతళలాడేదే చేతికి ఇసుక చల్లినట్టు తగిలిందా, క్లే బార్ కావాలన్నమాట. చపాతీ పిండిలా మెత్తగా ఉంటుంది. షాంపూ నీళ్ళు చల్లుతూ, నొక్కకుండా జరుపు. కింద పడితే మాత్రం పారెయ్యాల్సిందే.

అప్పుడు సీలెంట్. స్పాంజి మీద నాలుగు చుక్కలు చాలు. పైన నూనె తేలడానికి ఇదేం ఆవకాయ కాదు! ఒక్కో డోరూ పల్చగా పూసి, మసకబారాక తుడిచెయ్. సీసా మీద రాసినంతసేపు తడి తగలనివ్వకు. తొలివానకి నీళ్ళు తామరాకు మీద బొట్లలా జారాయంటే నీ పని ఫలించినట్టే. జారడం మానేసి పరుచుకుంటే మళ్ళీ పూసే వేళయిందని.

అన్నట్టు, ఆ వాచ్‌మన్‌కి సారీ చెప్పి ఓ మైక్రోఫైబర్ బట్ట ఇచ్చాను. లుంగీ ముక్క ఏమైందంటావా? ఇప్పుడది టైర్లు తుడుస్తోంది. బానెట్ వైపు రానిస్తే ఒట్టు!